సముద్రం వాటా

చినవాల్తేరులో మా డాబా పడగ్గదిలో
పెచ్చు ఊడి మంచమ్మీద పడిన రాత్రి
ముందు దుప్పటి దులిపాను,
తర్వాత పాలలెక్కల పుస్తకం తీశాను.

చిట్టీ పాడిన లక్షన్నర.
సొసైటీ లోను లక్ష.
ఇంతే. గీత గీశాను.
గీత కింద ఇంకేమీ లేదని
ఇంట్లో అందరికీ మూడుసార్లు చదివి వినిపించాను.

ఆయనకు వంటింట్లో నల్ల గ్రానైటు కావాలి,
తోడల్లుడి ఇంట్లో చూసొచ్చిన దగ్గర్నుంచీ
కడప బండ ఆయన కళ్లకు ఆనడం లేదు.
మా హిమజకు హాల్లో ఫాల్స్ సీలింగు,
దాన్లో దాక్కుని వెలిగే దీపాలు.
నేను రాసుకున్నవన్నీ కనపడనివి:
ఊచలు, గొట్టాలు, గోడలోపలి తీగలు.
చుట్టాలొచ్చి మెచ్చుకోని వాటికే
ఖరీదెక్కువ.

మేస్త్రి అసిరినాయుడు నిచ్చెనెక్కాడు.
సుత్తి తిరగేసి శ్లాబును తట్టాడు,
పుచ్చకాయ బేరమాడేవాడిలా చెవి ఒగ్గి.
"ఇక్కడ గట్టిదే. ఇక్కడ డొల్ల.
ఆ మూల మట్టుకు కొడితేగానీ సెప్పలేనమ్మా."
ఉజ్జాయింపుగానైనా అనమంటే నవ్వాడు.
"ఉప్పుగాలి ఎంత తిన్నాదో,
నాకు సెప్పి తిన్నాదేటి?"

ఆ మాట పట్టుకునే లెక్క కట్టాను.
శ్లాబుకు ఎనభై అయిదు వేలు,
స్నానాలగది గొట్టాలకు నలభై ఎనిమిది,
వైరింగుకు ముప్పై రెండు, రంగులకు నలభై.
వెరసి రెండు లక్షల అయిదు వేలు.
మిగిలిన నలభై అయిదుకి ఎదురుగా
ఏ వస్తువు పేరూ రాయలేదు.
"సముద్రం వాటా" అని రాశాను.

పొద్దున్నే పుస్తకం చూసిన ఆయన
"ఇదిగో, ఇది ఖాళీయేగా! గ్రానైటు వచ్చేస్తుంది" అన్నారు.
ఖాళీ కాదండీ.
ముప్పయ్యేళ్లుగా సాయంత్రమయ్యేసరికి
బీచి నుంచి నడిచొచ్చి మన కిటికీలో కూర్చుంది కదా,
ఫ్యాను కట్టేసి హాయిహాయి అన్నాం కదా,
అదంతా ఊరకే వచ్చిందనుకున్నాం.

మూల కొట్టారు.
అక్కడ ఊచ లేదు.
ఊచ ఉండాల్సిన చోట ఎర్రటి పొడి,
వేలు పెడితే కారంలా రాలింది.
తుప్పు దూలం దాకా పాకింది.
ముప్పై ఒక్క వేలు.

రబ్బీసు సంగతి నాకు తట్టనేలేదు.
పగలగొట్టడానికి కూలి రాశాను గానీ
పగిలింది ఎక్కడికి పోవాలో రాయలేదు.
మూడు ట్రాక్టర్లు, తొమ్మిది వేలు.
ఆపైన వాయుగుండం, నాలుగు రోజులు పని బందు,
గడ్డకట్టిన సిమెంటు బస్తాలు,
ఒక గొట్టం కదిపితే పక్కగొట్టం పగలడం.
పన్నెండు వేలు.

సముద్రం తన వాటా తీసుకుని
ఇంకో ఏడువేలకు చెయ్యి చాపింది.
ఆయన నా గాజులవైపు చూశారు.
నేను గీతవైపు చూశాను.
రంగుల్లోంచి కోసేశాను:
వరండా గోడకు ప్రైమరుతో సరి.

ఆ వారం రాత్రి మళ్లీ వాన.
అలవాటుకొద్దీ లేచి బకెట్టు తెచ్చి
గది నడుమ పెట్టి కూర్చున్నాను.
ఎంతసేపటికీ చుక్క శబ్దం లేదు.
"పడుకోవే అమ్మా" అంది హిమజ నిద్దట్లోనే.
కాసేపు అలాగే కూర్చున్నాను,
రెండున్నర లక్షలు పెట్టి కొన్న నిశ్శబ్దం కదా,
వినకుండా ఎలా పడుకోను?

ఎదురింటి సన్యాసమ్మగారు వచ్చి
తెల్లగా వెలవెలబోతున్న వరండా చూసి,
పాత కడప బండ చూసి,
"ఇంతకీ ఏం మార్చారమ్మా?" అన్నారు.

స్టూలెక్కి
పిడికిలితో పైన తట్టి చూపించాను.
ఆవిడకేమీ వినపడలేదు.